రూట్ ఉండాల్సిన చోట డబ్బా

గద్వాలలో మేము డిగ్రీ చదివే రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయన్నది పైకి చెప్పే కారణం. కానీ మాలో సగం మంది లోపల అడుగు పెట్టే ముందు గడపను ముట్టుకుని కళ్లకద్దుకునేవాళ్లు. దసరాకు ప్రతి మానిటరుకూ కుంకుమబొట్టు పెట్టి, బంతిపూలు వేసి, కొబ్బరికాయ కొట్టాం. అలాంటి గదిలో తెర మీద కనబడినదాన్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది? నాకైతే తోచలేదు.

మాది గట్టు వైపు పల్లె. వేరుశనగ, ఆముదాలు, వాన పడితే సంబురం, లేకపోతే మౌనం. ఇంటర్ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. లెక్కల్లో మా ఊరి బడికి నేనే గొప్ప. సమాకలనం, అవకలనం, ఘాతం, వర్గమూలం, అన్నీ తెలుగులో గడగడా చెప్పేదాన్ని. డిగ్రీలో ఇంగ్లీషు మీడియం అనేసరికి అవే లెక్కలు, అవే గుర్తులు, వాటి పేర్లు మాత్రం రాత్రికి రాత్రి మారిపోయాయి. పుస్తకంలో ఉన్నది చూసి చేయగలను, పైకి చదవమంటే నాలుక మడతపడేది. దానికి తోడు నాకు నోరెక్కువ. తెలియనిదాన్ని తెలిసినట్టు గట్టిగా చెప్పడం అప్పటికే బాగా అలవాటైంది.

మూడో ఏడు మాకు లెక్కలకు కొత్త మేడం వచ్చింది. వనపర్తి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేది. పర్మినెంటు కాదు, ఏడాదికేడాది ఉంచుకుంటారో పంపిస్తారో తెలియని ఉద్యోగం. మనిషి బక్కపలచగా ఉండేది, చీర కుచ్చిళ్లు ఎప్పుడూ ఇస్త్రీ చెదరకుండా ఉండేవి, క్లాసులో సగం ఇంగ్లీషులో, చాలా వేగంగా మాట్లాడేది. ఆ వేగం చూసి ఈమె పట్నంలో పుట్టి కాన్వెంటులో పెరిగి ఉంటుందని మేమంతా తీర్మానించుకున్నాం. ఆమె ఆ ఎండాకాలం హైదరాబాదులో ఏదో శిక్షణకు వెళ్లి వచ్చిందట. వస్తూ ఒక సీడీ తెచ్చింది. దాన్ని గదిలో ఉన్న మిషన్లన్నిటిలో తానే ఎక్కించింది.

లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ అది. అంకెలు కూడడం తీసేయడం కాదు, ఎక్స్ ఉన్న లెక్క ఇస్తే ఎక్స్‌తోనే జవాబు ఇస్తుంది. మొదటిరోజు అది జవాబును టైపు మిషన్ మీద కొట్టినట్టు చూపించింది. గుణకారానికి చుక్క, ఘాతానికి టోపీ గుర్తు, భిన్నమైతే మధ్యలో అడ్డంగా వరసగా చిన్న గీతలు. మేము ముఖముఖాలు చూసుకున్నాం. ఇదా కంప్యూటరు చేసే లెక్క అని నాకు కొంచెం చిరాకు కూడా వేసింది. అప్పుడు మేడం పైన ఉన్న మెనూలో ఏదో నొక్కి అదే లెక్కను మళ్లీ చేయించింది.

ఈసారి తెర మీద అచ్చు పడ్డట్టు వచ్చింది. పొడుగాటి మెలికతో సమాకలన గుర్తు నిలబడింది. భిన్నానికి సన్నటి గీత, పైన లవం, కింద హారం, రెండూ సరిగ్గా నడుమకు కూర్చున్నాయి. ఘాతాంకం చిన్నదై భుజమెక్కింది. ఎక్స్ వాలుగా, పుస్తకంలో ఉన్నట్టే. మా లైబ్రరీలో అద్దాల బీరువాలో తాళం వేసి ఉంచే ఇంగ్లీషు పుస్తకాల్లో తప్ప లెక్క అంత అందంగా ఉండటం నేను చూడలేదు. నా పక్కన కూర్చునే అమ్మాయి తెర మీద వేలు పెట్టబోతే చెయ్యి మీద ఒకటి వేశాను. ఆ రోజు నుంచి ఆ రెండో తీరులోనే చూపించమని మేమే అడిగేవాళ్లం. అది లెక్క చేస్తుందన్న సంతోషం కంటే లెక్కను అలా చూపిస్తుందన్న సంతోషమే మాకు ఎక్కువ.

అందులో ఒక్కటి మాత్రం వింతగా ఉండేది. వర్గమూలం వచ్చిన చోటల్లా ఒక చిన్న డబ్బా కనబడేది. నాలుగు గీతల ఖాళీ డబ్బా, దాని పక్కన ఒకటి మైనస్ ఎక్స్ స్క్వేర్. మేడం ఆ చోటికి వచ్చేసరికి "రూట్ ఆఫ్" అని చదివి ముందుకు పోయేది. మేము డబ్బాను చూసేవాళ్లం, రూట్ అని వినేవాళ్లం. నాకు రెండు రోజుల్లో సంగతి అర్థమైపోయింది, లేదా అయిందనుకున్నాను. గుణకారానికి మనం ఇంటూ పెడతాం, కంప్యూటరు చుక్క పెడుతుంది. ఘాతానికి టైపు చేసేటప్పుడు టోపీ గుర్తు పెట్టమంటుంది. మరి రూట్‌కు డబ్బా పెడుతుంది, అంతే. ఇందులో అడగడానికేముంది? అడిగితే తెలుగు మీడియం అని బయటపడటం తప్ప.

అందుకే అడగలేదు. పైగా మిగతావాళ్లు నన్ను అడిగితే జవాబు నేనే చెప్పాను. కంప్యూటర్ల రూట్ గిట్లనే ఉంటదే, పెద్ద లెక్కలల్ల అందరు గిట్లనే రాస్తరు అని. రెండో ఏడు పిల్లలకు కూడా అదే పాఠం చెప్పాను. నోట్సులో చేతితో చేసిన లెక్కల్లో మామూలు రూటే వేసేవాళ్లం కాబట్టి మేడం కంట ఈ విద్య ఎన్నడూ పడలేదు. డబ్బా కంప్యూటరుది, రూట్ మనది అని మాలో మేము పంచేసుకున్నాం.

చలికాలం పోతుండగా నాగర్‌కర్నూలులో ఒక కాలేజీలో లెక్కల విద్యార్థులకు సదస్సు పెట్టారు. ఒక్కో కాలేజీ నుంచి ఒకరు ఏదో ఒక అంశం మీద మాట్లాడాలి. మా కాలేజీ నుంచి ఎవరు అన్నది ప్రశ్నే కాదు, నోరున్నదాన్ని నేను. కంప్యూటరుతో సమాకలనం అని మేడం అంశం ఎంచింది. ఆ రోజు ప్రిన్సిపాల్ సార్ స్వయంగా క్లాసుకు వచ్చి, ఈసారి మన కాలేజీ పేరు అక్కడ వినబడాలన్నాడు. పేరు వస్తే మేడంను వచ్చే ఏడు కూడా ఉంచుకోవడానికి కాలేజీ కమిటీ ముందు చెప్పుకోను తనకు ఒక మాట ఉంటుందని, లేకపోతే లేదని, ఆమె పక్కన ఉండగానే మా అందరికీ వినబడేలా అన్నాడు. మేడం నేల చూసింది. నాకైతే ఒళ్లంతా ఉత్సాహం వచ్చింది. మేడం ఉద్యోగం నా చేతిలో పెట్టారంటే నేనెంతటిదాన్నో అనుకున్నాను.

అక్కడ తెర మీద చూపించే సౌకర్యం లేదన్నారు. కాబట్టి చార్టు గీయాలి. మా దగ్గర చార్టు అంటే ఆడపిల్లలు ప్రాణం పెట్టే పని. తెల్ల షీటు, స్కెచ్ పెన్నులు, అంచు చుట్టూ తీగలు పూలు. నేను ఆదివారమంతా హాస్టల్ వరండాలో బోర్లా పడుకుని గీశాను. తెర మీద ఎలా ఉందో అలాగే దించాలని పంతం. సమాకలన గుర్తు మెలిక కోసం గాజు పెట్టి వంపు తీశాను. భిన్నం గీతను స్కేలుతో సన్నగా లాగాను. ఇక డబ్బాలంటే నా ప్రత్యేకత. ఒక్కోటి కొలిచి, నాలుగు మూలలూ కలిసేలా వేసి, అందరికీ కనబడాలని ఎర్ర రంగుతో లావుగా దిద్దాను. మర్నాడు కాలేజీ వదిలే వేళ మేడం ఒకసారి చూస్తానంది. అంతా తెర మీద ఉన్నట్టే దించిన, మేడం, అక్కడనే చూద్దురు అన్నాను. ఆమె నమ్మింది.

సదస్సు రోజు పొద్దున్నే బస్సెక్కాను. ఎర్రవల్లి చౌరస్తా, పెబ్బేరు దాటి వనపర్తిలో మేడం ఎక్కింది. బస్సు కిక్కిరిసి ఉంది. చుట్టిన చార్టును నలగకుండా చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాను. ఒకసారి విప్పమని మేడం సైగ చేస్తే కూడా, జనంలో చిరిగిపోతుందని విప్పలేదు. నిజానికి విప్పనందుకు నాకు ఇంకో కారణం ఉంది. అందరి ముందు విప్పినప్పుడు ఆమె ముఖం చూడాలని ఉంది.

హాలు నిండా పిల్లలు. ముందు వరుసలో మా ప్రిన్సిపాల్ సార్, ఆయన పక్కన వేరే కాలేజీల వాళ్లు, మధ్యలో న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన ఒకరు, రిటైరైన లెక్కల లెక్చరరు. మేడం వెనక వరుసలో గోడకు దగ్గరగా కూర్చుంది. చార్టును గోడకు అంటించగానే హాల్లో అబ్బో అన్న చప్పుడు వచ్చింది. నా కాళ్లు నేల మీద లేవు. బట్టీ పట్టిన ఇంగ్లీషు మొత్తం ఎక్కడా తడబడకుండా అప్పజెప్పాను.

పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చార్టు దగ్గరికి వచ్చాడు. బాగా గీసావమ్మా అన్నాడు. తర్వాత ఒక ఎర్ర డబ్బా మీద వేలు పెట్టి, ఇదేంటని అడిగాడు.

ఇంత చిన్న ప్రశ్న అడిగాడేంటని నాకు ఆశ్చర్యం వేసింది. పెద్దాయనకు కంప్యూటరు తెలియదు కాబోలు, మెల్లగా చెబుదామనుకున్నాను.

"అది రూట్ సార్. కంప్యూటర్ల రూట్ గిట్లనే ఉంటది. మా మేడం చూపిచ్చింది. మీ తాన ఆ సాఫ్ట్‌వేర్ ఉండదు గద, అందుకే తెలుస్తలేదు."

ఆ చివరి మాట నేను గర్వంగానే అన్నాను. మా మేడంను ఎత్తి నిలబెట్టాననుకున్నాను. ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"బిడ్డా, ఆ గుర్తు గీసే అక్షరం మీ మిషన్ల లేదు," అన్నాడు. "అక్షరం లేని కాడ అది ఖాళీ డబ్బా పెడ్తది. నా తాన లేదు అని చెప్తున్నదన్నట్టు. నువ్వు దానికే రంగులేసినవు."

నేల చీలితే బాగుండుననిపించింది అంటారే, అది ఉత్త మాట కాదని ఆ రోజు తెలిసింది. నేను వెంటనే మేడం వైపు చూశాను, ఆమె లేచి ఏదైనా చెబుతుందని. ఆమె లేచింది. అవును సార్, మా మిషన్లలో అలాగే వస్తుంది, నేను చెప్పి ఉండాల్సింది, అమ్మాయి తప్పు లేదు అంది ఇంగ్లీషులో. ఎప్పుడూ అంత వేగంగా మాట్లాడే మనిషి ఆ నాలుగు మాటలకూ ఎంత తడుముకుందో. మా ప్రిన్సిపాల్ సార్ వెనక్కి తిరిగి ఆమెను ఒకసారి చూసి, బహుమతులు ఇవ్వకముందే లేచి వెళ్లిపోయాడు.

అప్పటిదాకా నా సిగ్గు నా గురించే. ఆయన లేచిపోవడం చూశాక నేను చేసిందేంటో అర్థమైంది. నా నోటితో నేనే ఆమె పేరు ఆ డబ్బాలో పెట్టి ఆయన చేతికిచ్చాను. ముందే ఆమెను అడిగి ఉన్నా ఇంతదాకా వచ్చేది కాదు. మా మేడం చూపిచ్చింది అన్న ఆ మూడు మాటలు అనకుండా ఉన్నా కొంత నయమయ్యేది.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. చార్టు కాళ్ల దగ్గర పడేశాను. గోపాల్‌పేట దాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. నేను ఏడుపు ఆపుకోలేక ముక్కు ఎగబీలుస్తుంటే, తన రుమాలు తీసి నా ఒళ్లో పెట్టింది. ఇన్ని నెలలు ఆ డబ్బాను చూస్తూ ఒక్కరంటే ఒక్కరు కూడా అదేంటని ఎందుకు అడగలేదని మెల్లగా అడిగింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

మీరేమనుకుంటరో అని మేడం, అన్నాను. అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదేమో అని ప్రతి ఒక్కరం అనుకున్నాం అని కూడా చెప్పాను. మేము తెలుగు మీడియం వాళ్లం కదా, మీరు నవ్వుతారేమో అని.

ఆమె ఇంగ్లీషు పక్కన పెట్టి, మా ఇంట్లో మా అక్క మాట్లాడినట్టు మాట్లాడింది. ఆమె నోట ఆ భాష నేను వినడం అదే మొదలు.

"నేను గూడ తెలుగు మీడియమే అమ్మా. హైదరాబాదుల ట్రైనింగుకు పోతే నా మిషన్ల ఒక్కదాన్లనే డబ్బాలొచ్చినయి. పక్కన అందరికి రూట్ మంచిగ కనపడుతుండె. నేనేమన్న తప్పు నొక్కిన్నేమో అనుకున్న. అడిగితే నవ్వుతరని అడగలే. ఈడికొచ్చినంక మీకు చెప్దమంటే, మరి తీసెయ్యిండ్రి మేడం అంటరు గద. అచ్చు పోకుంట డబ్బా ఒక్కటే తీసేసుడు నాకు తెల్వదు."

మెనూలో మళ్లీ ఆ పాత తీరు, టైపు కొట్టినట్టుండే తీరు పెడితే డబ్బాలు పోయేవని ఆమెకు తెలుసట. కానీ ఆ అచ్చు చూసి మా ముఖాలు వెలిగిపోతుంటే మార్చబుద్ధి కాలేదంది. అందుకే రూట్ వచ్చిన చోట గబగబా చదివేసి దాటిపోయేదట. ఆ వేగాన్ని చూసే కదా మేము ఆమెను కాన్వెంటు మనిషి అనుకున్నది. నాకు ఆమె మీద కోపం రాలేదు. మమ్మల్నిద్దర్నీ కలిపి చూసి జాలి వేసింది, ఆ జాలి కూడా సిగ్గుగానే ఉంది. వనపర్తిలో దిగుతూ, జాగ్రత్తగా పో, అన్నం తిను అని మాత్రం చెప్పింది.

ఆ వారంలోనే వచ్చే ఏడుకు వేరే మనిషిని చూస్తున్నట్టు ప్రిన్సిపాల్ సార్ ఆమెకు చెప్పేశాడని ఆఫీసులో పనిచేసే వాళ్ల ద్వారా మాకు తెలిసింది. మేడం ఇక కంప్యూటర్ గదికి తీసుకుపోదని అనుకున్నాం. తీసుకుపోతే మాత్రం ఆమె ముఖం ఎలా చూడాలని నేను భయపడ్డాను. సోమవారం ఆమె ఎప్పటిలాగే వచ్చింది, చెప్పులు విప్పి లోపలికి నడిచింది, మమ్మల్ని రమ్మంది.

అందరూ కూర్చున్నాక తన చిన్న సెల్‌ఫోను తీసి, హైదరాబాదులో శిక్షణ ఇచ్చిన ఆయనకు మా ముందే ఫోను చేసింది. బయటికి పోయి మాట్లాడవచ్చు, స్టాఫ్ రూములో మాట్లాడవచ్చు. అక్కడే నిలబడి, మా అందరి వైపు తిరిగి మాట్లాడింది. తన మిషన్లలో రూట్ గుర్తు రావడం లేదని, అక్కడ శిక్షణలో కూడా రాలేదని, అప్పుడు అడగలేదని, ఎలా సరిచేయాలో తనకు తెలియదని ఆగి ఆగి ఇంగ్లీషులో చెప్పింది. అవతల ఆయన నవ్వినట్టున్నాడు, ఫోనులోంచి సన్నగా వినబడింది. అయినా ఆమె ఫోను పెట్టేయలేదు. ఇంకోసారి చెప్పండి, అర్థం కాలేదు అని రెండుసార్లు అడిగి విన్నది.

పని చాలా చిన్నది. సీడీలో అక్షరాలు ఉండే ఒక ఫోల్డరు ఉందట, దాన్ని తెచ్చి మిషన్‌లో అక్షరాలు ఉండే చోట వేసి, మిషన్‌ను ఆపి మళ్లీ పెట్టాలి. అంతే. మేడం ఒక మిషన్‌లో వేసి, అదే లెక్క మళ్లీ టైపు చేసింది. తెర మీద డబ్బా లేదు. దాని చోట అసలు రూట్ వచ్చింది, చిన్న కొక్కెంతో మొదలై, ఒకటి మైనస్ ఎక్స్ స్క్వేర్ మీదుగా చివరిదాకా గీత పరుచుకుని. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంతమందికీ తలెత్తి దాన్ని చూడటమే కష్టంగా ఉంది.

ఆమె మాత్రం తెరను చూసి, చాలా రోజుల తర్వాత చిన్నగా నవ్వింది. తర్వాత మా వైపు తిరిగి, బస్సులో మాట్లాడిన ఆ భాషలోనే అడిగింది.

"ఇగ నాకు సిగ్గు లేదు. మీకు గూడ వద్దు. ఇందుల ఇంకేమన్న తెల్వంది ఉంటే ఇప్పుడే అడుగుండ్రి, తెలిస్తే చెప్త, తెల్వకుంటే మళ్ల ఫోన్ చేస్త."

నాకు ఒకటి ఉంది. చేత్తో సమాకలనం చేస్తే చివర ప్లస్ సి అని స్థిరాంకం రాయకపోతే మా మార్కులు కోసేవాళ్లు. ఈ మిషన్ ఎన్నడూ సి రాయలేదు. అంత అందంగా అచ్చువేసి, చివర ఆ ఒక్క అక్షరం లేకుండా వదిలేస్తుంది. ఎందుకు రాయదో, పెద్ద లెక్కల్లో అది అక్కర్లేదో, మొదటిరోజు నుంచి నాకు తెలియదు. ఆ సోమవారం కూడా అది నా కళ్లెదురుగానే ఉంది. రూట్ గీత చివర, సి ఉండాల్సిన చోట, తెర ఖాళీగా ఉంది.

మేడం ఒక్కొక్కరి ముఖమే చూస్తూ వచ్చింది. నా దగ్గర ఆగింది. అందరూ నా వైపే చూస్తున్నారు, నోరున్నదాన్ని నేనే కదా. పెదవి దాకా వచ్చింది. అంత జరిగాక, నా వల్లనే ఆమె ఉద్యోగం పోయాక, ఆమె అక్కడ నిలబడి అందరి ముందూ తెలియదని చెప్పుకున్నాక కూడా, ఇంత చిన్నది తెలియదా అని పక్కవాళ్లు నవ్వుతారేమో అనిపించింది.

"ఏం లేవు మేడం," అన్నాను. "అంత అర్థమైంది."

ఆమెకు ఎంత సంతోషమైందో ముఖం చూస్తేనే తెలిసింది. మంచిదమ్మా అంది, అందరినీ మిషన్లు ఆపేయమంది.